ఎనిమిదో పేజీ అడుగున

గురువారం పదకొండు గంటలయ్యేసరికి నేను కుట్టుమిషను ఆపేసేదాన్ని. ఆ వేళకు మా తమ్ముడు ఫోను చేస్తాడని నా దగ్గర కర్టెన్లు కుట్టించుకునే వాళ్ళందరికీ తెలుసు. శనివారం పేపర్లో ఎనిమిదో పేజీలో వాడో శీర్షిక రాస్తాడు. చమురు ధరలు, గ్యాసు బావులు, మనలాంటివాళ్ళు డబ్బు ఎక్కడ పెట్టుకోవాలి, ఎక్కడ పెట్టుకోకూడదు, అలాంటి సంగతులు. అచ్చుకు పంపేముందు నాకు చదివి వినిపించేవాడు.

"నీకు అర్థమైతే లోకానికి అర్థమైనట్టే అక్కా" అనేవాడు.

అది పొగడ్తో ఎగతాళో నేనెప్పుడూ తేల్చుకోలేదు. ఫోను బల్ల మీద పెట్టి, గుడ్డ అంచులు మడుస్తూ వినేదాన్ని.

వాడికి చెప్పడం వచ్చు. భూమి లోపల చమురు చెరువులా నిలబడి ఉంటుందనుకునేదాన్ని. "కాదక్కా, తడిసిన స్పాంజి ఎలా ఉంటుంది? అక్కడ రాయి అలా ఉంటుంది. ఎక్కడ తడుందో ఎవడికీ కనబడదు. తవ్వి చూడాల్సిందే" అని చెప్పాడు. పీపా ధర పెరిగితే కొన్నాళ్ళకు నేను కొనే పాలిస్టరు గుడ్డ ధర ఎందుకు పెరుగుతుందో కూడా వాడు చెప్తేనే తెలిసింది. పాలిస్టరు పుట్టేది చమురులోంచేనని విన్న రోజు కొట్టులో ఉన్న తానులన్నిటినీ వాసన చూశాను. మావారు చూసి, "నిన్నటిదాకా బాగానే ఉన్నావు కదే" అన్నారు.

నడిసముద్రంలో గ్యాసు కోసం తవ్వుతున్న ఒక చిన్న కంపెనీ గురించి వాడు రెండేళ్ళ కిందట రాశాడు. దాని పేరు నాకు నోరు తిరగదు. మా కొట్టులో దాన్ని సముద్రం కంపెనీ అనేవాళ్ళం. పదహారేళ్ళు కుట్టి దాచుకున్నదంతా ఆ షేర్లలో పెట్టాను. వాడు పెట్టమనలేదు. "నేనూ కొన్నానక్కా" అన్నాడంతే. నాకది చాలింది.

నా కొట్టు ఒకే ఒక్క గది. ఒక పక్క జిరాక్సు దుకాణం, ఇంకో పక్క తాళంచెవులు చేసేవాడి గూడు. ఉత్తరం వైపు కిటికీ ఉంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేలాంటి వెలుతురు పడుతుంది. రంగు పక్కన రంగు పెట్టి చూసుకోవడానికి అంత మంచి గది ఇంకెక్కడా దొరకదు. వేసవి మొదట్లో గది సొంతదారు వచ్చాడు. స్టూలు మీద కూర్చుని చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు. ఇదేదో అద్దె పెంచే వ్యవహారమనుకున్నాను.

"గది అమ్మేస్తున్నానమ్మా. ముందు నిన్నే అడుగుతున్నా. మూడు నెలలు చూస్తాను. ఆ తర్వాత నన్ను తిట్టుకోవద్దు" అన్నాడు.

నిజానికి నాకు సంతోషమే వేసింది. అప్పటికి నా షేర్లు రెండింతలయ్యాయి. అమ్మేస్తే గది నాదవుతుంది. గోడలకు సున్నం కొట్టించడానికి కూడా మిగులుతుంది. ఆ సాయంత్రమే తమ్ముడికి ఫోను చేశాను.

"అమ్మేయమంటావా?"

"ఇప్పుడా? రెండు నెలలు ఓపిక పట్టక్కా. బావి అడుగుదాకా వెళ్ళింది, ఇక పరీక్ష ఫలితం రావడమే తరువాయి. గది ఒక్కటేం ఖర్మ, పైన మేడ కూడా కొనేస్తావు."

"మేడ నాకెందుకురా? ఈ మోకాళ్ళతో మెట్లెక్కి చావడానికా?"

"లిఫ్టు పెట్టించుకో. రిబ్బను నేనొచ్చి కత్తిరిస్తా."

"నా కత్తెర ముట్టుకుంటే చేతులు విరిచేస్తా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ గురువారం వాడు చదివిన శీర్షికకు "మా అక్క ఇంకా అమ్మలేదు" అని పేరు పెట్టాడు. గది కొనాల్సిన అవసరం నెత్తిమీద కూర్చున్నా మా అక్క తన షేర్లు కదపలేదని, పెద్ద పెద్ద మదుపరులకు లేని ఓపిక ఆమె కుట్టుమిషను దగ్గర నేర్చుకుందని రాశాడు. వింటుంటే కళ్ళు మసకబారి, సూది ఎక్కడ గుచ్చుతున్నానో కనబడలేదు. శనివారం నాలుగు పేపర్లు కొన్నాను.

అందులో ఒకటి మా వీధి చివరి నర్సమ్మకిచ్చాను. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి. అద్దాలు సర్దుకుని మొత్తం చదివింది.

"ఏమమ్మోయ్, పేపరుకెక్కావు! ఇక కుట్టుకూలి పెంచేస్తావన్నమాట."

"నీకు మాత్రం పెంచుతా. నీ కిటికీలన్నీ వంకరే కదా."

వారం తిరిగేలోగా తన పెన్షన్ డబ్బులో కొంత తీసి ఆ షేర్లు కొన్నానని చెప్పింది. "నువ్వు అమ్మిన రోజు నాకో కేకెయ్యి. నేనూ ఆ రోజే అమ్మేస్తా" అంది.

ఇంకో నెలకు తమ్ముడు ఫ్లాటు కొన్నాడు. నాలుగో అంతస్తు, హాల్లో గోడంత కిటికీ. టేపు పట్టుకుని కొలతలన్నీ నేనే తీశాను. బ్యాంకు అప్పిచ్చిందన్నాడు. హాలు కర్టెన్లకు రెండు పొరలు పెట్టి, వెనక లైనింగు వేసి, నా దగ్గరున్న వాటిలో అతి మంచి గుడ్డతో మొదలుపెట్టాను. వాడికి నేనెప్పుడూ బిల్లు వేయలేదు.

ఆ పని సగంలో ఉండగా వార్త వచ్చింది. సముద్రం కంపెనీ బావిలో తీసి అమ్ముకోగలిగినంత గ్యాసు లేదట. రెండు రోజుల్లో షేరు పదో వంతుకు పడిపోయింది. ఇప్పుడు అమ్మితే వచ్చే డబ్బుతో గదికి ద్వారబంధం కూడా రాదు.

తమ్ముడు కొట్టుకే వచ్చాడు. గది సొంతదారు కూర్చున్న స్టూలు మీదే కూర్చుని తల పట్టుకున్నాడు.

"అందరం మునిగామక్కా. నాదీ పోయింది."

కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేనే మంచినీళ్ళిచ్చాను. వీపు మీద చెయ్యి వేసి, "ఊరుకోరా. సముద్రం అడుగున ఏముందో నువ్వు దిగి చూశావా ఏంటి" అన్నాను. చిన్నప్పుడు పరీక్ష తప్పి ఇంటికొచ్చినప్పుడు ఎలా ఓదార్చానో అలాగే ఓదార్చాను.

నాలుగు రోజుల తర్వాత నర్సమ్మ కిటికీ అరుగుకు మెత్త కుట్టాల్సి వచ్చింది. ఆ అరుగు ముందువైపు వంపు తిరిగి ఉంటుంది. అలాంటి వాటికి ముందు పాత పేపరు మీద ఆకారం గీసి కత్తిరించుకుని, దాన్ని గుడ్డ మీద పరిచి కోస్తాను. పాత పేపర్లు అయిపోయాయి. తమ్ముడి పేజీలు మాత్రం ఎప్పుడూ కత్తిరించకుండా కింది సొరుగులో దాచేదాన్ని. ఇక దాచుకుని ఏం చేస్తాంలే అనిపించి బయటికి తీశాను.

పైనే ఉంది "మా అక్క ఇంకా అమ్మలేదు." పేజీ బల్ల మీద పరిచి పెన్సిలుతో వంపు గీస్తుంటే చెయ్యి అడుగుదాకా వచ్చింది. అక్కడ, శీర్షిక అయిపోయిన చోట, చీమల బారులా సన్నటి అక్షరాలున్నాయి.

"పైన ప్రస్తావించిన కంపెనీలో ఈ రచయితకు వాటాలేమీ లేవు."

అచ్చుతప్పేమో అనుకున్నాను. అంతకు ముందు వారాల పేజీలన్నీ తీసి తేదీల వరసలో బల్ల నిండా పరిచాను. ప్రతి పేజీ అడుగునా అలాంటి సన్నటి లైనే ఉంది. కంపెనీ పేరెత్తిన ప్రతిసారీ తనకు అందులో షేర్లున్నదీ లేనిదీ రచయిత తెలపాలని పేపరువాళ్ళ నియమం కాబోలు. రెండేళ్ళుగా ఆ కంపెనీ ఊసు వచ్చిన ప్రతి పేజీలోనూ "వాటాలు ఉన్నాయి" అనే ఉంది. లేవని మొదటిసారి పడింది నా గురించి రాసిన వారమే.

ఫోనులో ఆ లైను వాడెప్పుడూ చదవలేదు. అంచు పావంగుళం వంకరపోతే గది ఆ చివర నుంచి పట్టేస్తాను నేను. ఇది నా కంట పడలేదు. నాకు చదివి వినిపించేవాడుండగా నేను చదువుకోవడం ఎందుకనుకున్నాను.

మర్నాడు హాలు కర్టెన్లు తీసుకుని ఫ్లాటుకు వెళ్ళాను. మరదలు తలుపు తీసి, "వదినా, ఇంత త్వరగా అయిపోయాయా! ఈయన వద్దంటున్నా నేను రోజూ మీకు ఫోను చేద్దామనే అనుకుంటున్నా" అంది. నిచ్చెన వేసుకుని, ఒక్కో కొక్కెం తగిలించి, మడతలన్నీ ఒకేలా పడేదాకా సర్దాను. చేతిలో పని సగంలో ఉంచి మాట్లాడటం నాకు చేతకాదు. దిగి, సంచీలోంచి పేజీ తీసి తమ్ముడికిచ్చాను.

"చదవరా."

"పాతది కదక్కా, ఇప్పుడెందుకు?"

"నీ గొంతుతో వింటేనే నాకు అర్థమవుతుంది. చదువు."

చదివాడు. ఓపిక అన్న మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గింది. ఆఖరి వాక్యం అయ్యాక పేజీ మడవబోయాడు.

"కింద ఇంకో లైనుంది."

చదవలేదు. పేజీ నాకే తిరిగిచ్చాడు. తర్వాత, "అచ్చులో వేశాను కదక్కా. దాచలేదే. నువ్వే చూసుకోవాల్సింది" అన్నాడు.

"లోకానికి చెప్పావు సరే. నాకు?"

"ఫ్లాటుకి బయానా కట్టాల్సొచ్చి అమ్మానంతే. బావి ఇలా అవుతుందని కలలో కూడా..."

"అదేంటండీ" అంది మరదలు, కర్టెను అంచు పట్టుకుని చూసుకుంటూ. "గ్యాసు పెద్దగా లేదని ఆ బావి దగ్గర పనిచేసే మీ స్నేహితుడు ఫోను చేశాడనే కదా అమ్మాం?"

అన్నాక మా ఇద్దరి మొహాలూ చూసింది. అంచు వదిలేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

"అది బయటికి చెప్పకూడదక్కా" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "నేరం. ఉద్యోగం పోతుంది, జైల్లో కూడా పెడతారు."

"చెప్పొద్దు. నోరు మూసుకుని కూర్చో. నేను అమ్మేయమంటావా అనడిగినప్పుడు నీ ఇష్టమక్కా అని ఊరుకో. నా మానాన నేను అమ్ముకుని గది కొనుక్కునేదాన్ని. ఆగమని ఎందుకన్నావురా?"

వాడు కిటికీ వైపు తిరిగాడు. కర్టెన్ల మధ్య సందులోంచి ఎండ వాడి చొక్కా మీద గీతలా పడింది.

"ధర ఊగుతోంది. పాఠకులంతా ఉత్తరాల మీద ఉత్తరాలు. అమ్మాలా ఆగాలా అని. నేను అమ్మేశానని పైన రాస్తే ఎందుకని అడుగుతారు. నీ గురించి రాస్తే... నీ గురించి రాస్తే ఎవరూ ఏమీ అడగరక్కా. నమ్ముతారు. నువ్వు అమ్మేస్తే ఇక రాయడానికేం ఉంటుంది?"

అంతసేపూ నా డబ్బు పోయిందనే బాధలో ఉన్నాను. అప్పుడు అర్థమైంది, పోయింది అదొక్కటే కాదని.

"నీది నేను మెల్లగా కట్టేస్తానక్కా" అన్నాడు.

"నర్సమ్మకేం చెప్పమంటావు?"

"నర్సమ్మెవరు?"

నేను నిచ్చెన మడిచి గోడకు ఆనించి వచ్చేశాను.

నర్సమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. మెత్త కొలత సరిపోయిందో లేదో చూసుకుంటూ వింది. "నీ కేక కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను" అంది. "నీకు తెలిస్తే వేసేదానివే. నాకు తెలుసులే." కూలి డబ్బులు వద్దన్నా బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆ తర్వాత ఒక నెల మా వీధిలోంచి కాకుండా పక్క సందులోంచి బజారుకు వెళ్ళేది.

గదిని ఫోను కవర్లు అమ్మే అతను కొనుక్కున్నాడు. ఆ కిటికీకి అడ్డంగా కవర్లు వేలాడదీసుకునే చట్రం పెడతానన్నాడు. మావారూ నేనూ మిషన్లు ఇంటికి చేర్చాం. పడగ్గదిలో మంచం ఒక గోడకు జరిపితే కోత బల్ల పట్టింది. అక్కడ వెలుతురు మధ్యాహ్నం దాటితే పసుపెక్కుతుంది. రంగులు చూసుకోవాలంటే గుడ్డ పట్టుకుని వీధిలోకి రావాలి.

రెండు గురువారాలు ఫోను మోగలేదు. మూడో గురువారం పదకొండింటికి మోగింది. ఎత్తి బల్ల మీద పెట్టాను.

"అక్కా" అన్నాడు. "ఈ వారం రాసింది విను. నష్టం నేర్పే పాఠాల గురించి. నీకు అర్థమైతే..."

"చదువు."

చదివాడు. చమురు ధర తగ్గిందట. ఉత్పత్తి దేశాలకు మాట కుదరలేదట. చిన్న కంపెనీ షేర్లలో ఉన్నదంతా ఒక్కచోటే పెట్టకూడదట. బాగా చెప్పాడు. ఎప్పటిలాగే ప్రతి ముక్కా అర్థమైంది. తర్వాత గొంతు మెత్తబడింది. "మా అక్క నష్టపోయింది. అయినా ఒక్క మాట అనలేదు. మళ్ళీ మిషను ముందు కూర్చుంది..."

"ఆగు" అన్నాను. "ఆ మాట తీసెయ్."

"ఏ మాట?"

"మా అక్క."

అవతల కాగితం తిరగేసిన చప్పుడు వినిపించింది.

"అది తీసేస్తే మొత్తం విడిపోతుందక్కా. దాని మీదే నిలబెట్టాను."

"విడిపోతే విప్పి మళ్ళీ కుట్టుకో" అన్నాను. ఫోను పెట్టేసి, గుడ్డ రంగు చూసుకోవడానికి వీధిలోకి నడిచాను.