రామ్‌సింగ్‌కు దక్కాల్సిన దెబ్బలు

హోలీ ఇంకా రెండు రోజులుందనగానే బలరాం సెలవు పెట్టి ఖమ్మం నుంచి తండాకు వచ్చేశాడు. కరెంటాఫీసులో జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం అతనిది, భార్యా పిల్లలు మాత్రం తండాలోనే ఉంటారు. కొడుకు వేడుక ఉందని ఆఫీసులో చెప్పాడు. అది అబద్ధమేమీ కాదు. కానీ అతను అంత తొందరపడి రావడానికి అసలు కారణం వేరే ఉంది. తండ్రిని కాపాడుకోవాలి. ఎవరి నుంచయ్యా అంటే, తండా ఆడవాళ్ల నుంచి.

ఈ సంగతి కొంచెం విప్పి చెప్పాలి. పెనుబల్లి దాటాక అడవి అంచున ఉన్న ఆ లంబాడీ తండాలో, ఏ ఇంట మగపిల్లాడు పుట్టినా ఆ తర్వాత వచ్చే హోలీకి డూండ్ చేస్తారు. ఇంటి ముందు రెండు గుంజలు పాతి, పాయసమూ పూరీలూ నింపిన ఇత్తడి గంగాళాన్ని వాటికి తాళ్లతో బిగించి కడతారు. దాని చుట్టూ ఆడవాళ్లు పచ్చి బరికెలు పట్టుకుని కాపలా కాస్తారు. మగవాళ్లు దూరి గంగాళాన్ని ఎత్తుకుపోవాలి. దూరినవాణ్ణి దూరినట్టే ఉతికి ఆరేస్తారు. ఆ ఒక్క పూట మామా కోడలూ, పెద్దా చిన్నా అనే అడ్డు లేదు. ఏడాది పొడుగునా నోరు మూసుకున్న ఆడవాళ్లు కూడా ఆ రోజు కసి తీరా కొడతారు. ఆ దెబ్బలు కాచుకుంటూ తాళ్లు విప్పి గంగాళం లేపుకొచ్చినవాడే ఆ ఏటికి మొనగాడు. పాయసం పంచే పెద్దరికమూ అతనిదే.

బలరాం తండ్రి రామ్‌సింగ్ అలాంటి మొనగాడు. ఆయన ఎత్తిన గంగాళాల కథలు పక్క తండాల్లో కూడా చెప్పుకుంటారు. బలరాం పుట్టినప్పటి గంగాళం ఎత్తిందీ ఆయనే. హోలీ మర్నాడు చొక్కా విప్పి, వీపు మీది వాతలు అందరికీ కనబడేలా వాకిట్లో కూర్చుని బీడీ కాల్చుకోవడం ఆయనకు అలవాటు. అడిగినవాళ్లకు ఏ వాత ఎవరు పెట్టిందో పేర్లతో సహా చెప్పేవాడు.

ఒంట్లో సత్తువ తగ్గినవాళ్లకు వేరే ఏర్పాటుంది. వేపచెట్టు కింద నులకమంచం వేస్తారు. తండా నాయక్ రూప్లా మోకాళ్లు పట్టేసిన నాటి నుంచీ దాని మీదే కూర్చుని వేడుక చూస్తున్నాడు. మంచం మీద కూర్చున్నవాళ్లను ఎవరూ కొట్టరు. పాయసం వాళ్ల దగ్గరికే వస్తుంది. రూప్లా, రామ్‌సింగ్ ఒక ఈడువాళ్లు. పాయసం గిన్నె అందుకునే రూప్లాను చూసి రామ్‌సింగ్ చెయ్యని ఎగతాళి లేదు.

ఈ ఏడు తండ్రిని ఆ మంచం మీద కూర్చోబెట్టాలని బలరాం పట్టుదల. దానికి కారణమూ ఉంది. కిందటేడు హోలీ దాటాక, మిరప కోతల్లో రామ్‌సింగ్ ఒక బస్తాను ట్రాక్టర్ మీదికి ఎత్తబోయి, మోకాలు మడతపడి కల్లంలోనే కూలబడ్డాడు. నవ్వుతూనే కూలబడ్డాడు. నవ్వుతూనే లేవడానికి కొడుకు వైపు చెయ్యి చాచాడు. అంతే, పెద్ద సంగతేమీ కాదు. కానీ తండ్రి చెయ్యి సాయం కోసం తన వైపు రావడం బలరాం పుట్టాక చూడలేదు. ఆ చేతిని పట్టుకుని లేపుతున్నప్పుడు అది ఇంత తేలికగా ఉందేమిటని అతనికి భయం వేసింది. సత్తుపల్లిలో డాక్టరు, వయసు మీద పడింది గదా, దూకుళ్లు మానుకోమను అన్నాడు.

అప్పటి నుంచి బలరాంకు అన్నీ కళ్ల పడసాగాయి. రోజూ చూసేవాళ్లకు తెలియదు గానీ, నెలకొకసారి ఇంటికొచ్చేవాడికి అమ్మానాన్నలు మెట్లు మెట్లుగా ముసలివాళ్లవుతారు. ఒకసారి వచ్చేసరికి తల్లి గోరి సూదిలో దారం ఎక్కించమని మనవరాలిని పిలుస్తోంది. ఇంకోసారి వచ్చేసరికి టీవీ మోత వీధి చివరికి వినపడుతోంది. మరోసారి తండ్రి గట్టు దాటే ముందు ఆగి, అడుగు ఎక్కడ వెయ్యాలా అని చూసుకుంటున్నాడు. ఖమ్మం బస్సెక్కిన ప్రతిసారీ, ఈసారి వచ్చేసరికి ఇంకేం మారి ఉంటుందో అని బలరాం బెంగపడేవాడు.

ముందు తండ్రినే అడిగి చూశాడు. మంచం మాట ఎత్తగానే ఆయన మీసం కింద నవ్వాడు.

"నా మనుమని డూండ్‌కు నేను మంచం మీద కూసోవాల్నా? పిల్లగాడు పెద్దగై, మా తాత ఏం జేసిండంటే ఏం జెప్తవ్? పాయసం తిన్నడని జెప్తవా?"

ఇక ఆయనతో లాభం లేదని బలరాంకు అర్థమైంది. అప్పుడతనికి ఆఫీసు బుర్ర పనిచేసింది. పైనుంచి పని కాకపోతే కింద నుంచి నరుక్కు రావాలి. మర్నాడు ఇల్లిల్లూ తిరిగాడు. వదినలకూ, మరదళ్లకూ, తండాకు కొత్తగా వచ్చిన కోడళ్లకూ ఒకటే మాట చెప్పాడు. బా దూరితే దూరనివ్వండి, బరికె మాత్రం ఆయన మీద పడనివ్వకండి. లంబాడీలు తండ్రిని బా అనీ, తల్లిని యాడీ అనీ పిలుస్తారు. ఆడవాళ్లు కొందరు నవ్వారు, కొందరు కొడుకంటే ఇలా ఉండాలని మెచ్చుకున్నారు. ఆ ఏడే మొదటిసారి బరికె పట్టబోతున్న తన కూతురు శ్రావణిని కూడా పక్కకు పిలిచి చెప్పాడు. సక్రి అనే పెద్దమ్మ ఒక్కతే వెంటనే తలూపలేదు.

"ఈ ముచ్చట నీ అయ్యకు ఎర్కేనా బిడ్డా?" అని అడిగింది.

లేదన్నాడు. ఆమె చాటలో బియ్యం చెరుగుకుంటూ కూర్చుంది. తల్లి గోరికి మాత్రం బలరాం చెప్పలేదు. ఆమె ఎలాగూ పూరీల పొయ్యి దగ్గర ఉంటుంది. పైగా మొగుడి మోకాలి గురించి ఆమెకు వేరే చెప్పాలా అనుకున్నాడు.

హోలీ రోజు తండా అంతా మోదుగ పూల రంగుతో తడిసి ముద్దయింది. పసివాణ్ణి కొత్త చొక్కాలో ముస్తాబు చేసి బలరాం భార్య భార్గవి గడపలో కూర్చుంది. వాడు రంగులూ డప్పులూ చూసి కేరింతలు కొడుతున్నాడు. గంగాళాన్ని గుంజలకు కట్టారు. కుర్రాళ్లు ముందు దూకారు. దూకినంత వేగంగానూ వెనక్కొచ్చారు, వీపులు రుద్దుకుంటూ. ఆడవాళ్ల నవ్వులకూ బరికెల చప్పుళ్లకూ చెవులు చిల్లులు పడ్డాయి. గవర్నమెంటు టీచరు మంగీలాల్ అయితే తాడు ముట్టుకోకుండానే చెప్పులు వదిలేసి పారిపోయాడు.

అప్పుడు రామ్‌సింగ్ లేచాడు. తలపాగా బిగించాడు, పంచె ఎగ్గట్టాడు. రూప్లా వైపు తిరిగి కన్ను గీటి, రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని గుంపులోకి దూరాడు.

గుంపు దారి ఇచ్చింది.

బరికెలు లేచాయి గానీ ఆయన మీద పడలేదు. కొన్ని నేలను కొట్టాయి, కొన్ని గాలిని కొట్టాయి. ఒక కొత్త కోడలైతే మర్యాదగా పక్కకు జరిగి తల మీద కొంగు కూడా సర్దుకుంది. రామ్‌సింగ్ మొదట గమనించలేదు. తాళ్లు విప్పాడు, గంగాళాన్ని గుంజల మధ్య నుంచి బయటికి లాగాడు, చేతులు పైకెత్తి గెలిచిన కేక వేశాడు. తిరిగి కేక వేసినవాళ్లు లేరు. డప్పు కూడా తడబడి ఆగిపోయింది.

ఆయన చేతులు దించుకుని వాటికేసి చూసుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూసుకున్నాడు. మోదుగ రంగు తప్ప ఇంకేమీ లేదు. మెల్లగా చుట్టూ ఉన్న ఆడవాళ్ల మొహాలు చూశాడు. ఒక్కరూ ఆయన కళ్లలోకి చూడలేదు.

"ఏందే, నన్నెవరూ కొట్టరేందే?" అని శ్రావణిని అడిగాడు.

"డాడీ వద్దన్నడు తాతా. నీకు దెబ్బ తగుల్తదని" అందా పిల్ల, బరికె వెనక్కు దాచుకుంటూ.

రామ్‌సింగ్ కోప్పడి ఉంటే బలరాం ఎలాగో తట్టుకునేవాడు. ఆయన కోప్పడలేదు. గంగాళాన్ని మళ్లీ గుంజల దగ్గరికి చేర్చాడు, వేపచెట్టు దాకా నడిచి వెళ్లాడు, మంచం మీద రూప్లా పక్కన కూర్చున్నాడు. రూప్లా ఇన్నేళ్ల ఎగతాళికీ బదులు తీర్చుకోవచ్చు. పాపం, అతను కొంచెం జరిగి చోటిచ్చాడంతే. తండ్రిని బలరాం కూర్చోబెట్టాలనుకున్న చోటే ఆయన కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నాక ఆయన నిజంగానే ముసలివాడిలా కనిపించాడు. ఇదేం పని చేశాను దేవుడా అని బలరాం లోలోపల కుమిలిపోయాడు.

చప్పుడు ఆగిపోయిందేమిటని గోరి ఇంటి వెనక నుంచి వచ్చింది. చేతులకు గోధుమపిండి అలాగే ఉంది. మొగుడు మంచం మీద ఉండటం చూసింది, కొడుకు తల దించుకుని ఉండటం చూసింది. సక్రి ఆమె చెవిలో రెండు ముక్కలు చెప్పింది. గోరి పిండి చేతులు లంగాకు తుడుచుకుని, మనవరాలి చేతిలోని బరికె లాక్కుంది.

"బలరాం, నేను సచ్చిపోయిన్నా?" అని అడిగింది.

"అది గాదు యాడీ, బా మోకాలు..."

"ఆయన మోకాలు నాకు ఎర్కలేదా? రోజు నూనె రాసేది నేను గాదా? ఆయనను ఎప్పుడు ఆపాల్నో నాకు ఎర్కే. ఇయ్యాల గాదు." తర్వాత ఆడవాళ్ల వైపు తిరిగి గంగాళం మళ్లీ కట్టమంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. తాళ్లు బిగిస్తుండగా ఆమె మంచం దాకా వెళ్లి మొగుడి ముందు నిలబడింది.

"కూసుంటే కూసో. గని నా చేతి దెబ్బకు భయపడి కూసున్నవని తండంత చెప్త."

రామ్‌సింగ్ ఆమెను ఎగాదిగా చూశాడు. మొదట మీసం కదిలింది. ఆ తర్వాత మనిషే కదిలాడు.

ఆ తర్వాత జరిగింది తండా ఇప్పటికీ చెప్పుకుంటుంది. రామ్‌సింగ్ కుడి పక్కకు వెళుతున్నట్టు నటించి ఎడమ పక్కకు దూకాడు. అది ఆయన పాత ఎత్తే, గోరికి కొట్టిన పిండి. బరికె ఛెళ్లుమని వీపు మీద పడింది. ఆయన ఓయని అరిచి నవ్వాడు. మళ్లీ దూకాడు, మళ్లీ పడింది. బలరాం కళ్లార్పకుండా చూస్తున్నాడు. తండ్రి దూకుడు మునుపటిలా లేదు, అది అతనికి తెలిసిందే. ఇప్పుడు చూస్తే తల్లి చెయ్యీ మునుపటిలా లేదు. బరికె పైకి లేవడానికే కొంత సేపు పడుతోంది. కానీ ఇద్దరూ కలిసే నిదానించారు. అందుకే దెబ్బ ఒక్కటీ తప్పిపోవడం లేదు. అది చూసి అతనికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. ఇన్నాళ్లూ ఇద్దరూ ముసలివాళ్లయిపోతున్నారని విడివిడిగా బెంగపడ్డాడు గానీ, ఇద్దరూ జంటగా ఆ దారిన నడుస్తున్నారన్న ఊహే అతనికి రాలేదు.

ఇక మిగతా ఆడవాళ్లు ఆగుతారా. గోరి మొదలుపెట్టాక అందరి బరికెలకూ దారి దొరికింది. రామ్‌సింగ్ ఒక ముడి విప్పాడు. రెండోది విప్పబోతే మోకాలు సహకరించలేదు. ఆయన తల తిప్పి ఎలుగెత్తి పిలిచాడు.

"అరే బలరాం, జల్దీ రా! నీ కొడుకు డూండ్ గాదురా?"

బలరాం కాలేజీ చదువు మొదలైనప్పటి నుంచీ ఈ బరికెల ఆటలో దిగలేదు. ప్యాంటు మడిచాడు, దూకాడు. ఒక్కసారిగా నాలుగు బరికెలు వీపు మీద దిగాయి. అందులో ఒకటి సొంత కూతురిది, మరొకటి గడపలోంచి పిల్లాణ్ణి ఎవరికో అప్పగించి పరుగెత్తుకొచ్చిన భార్గవిది. ఆమె మాత్రం కొంచెం ఎక్కువ సేపే కొట్టింది, ఎందుకో ఆమెకే తెలియాలి. మిగిలిన ముళ్లు బలరాం విప్పాక తండ్రీ కొడుకులు గంగాళం చెరో చెవీ పట్టుకున్నారు. బరువంతా తన వైపు తీసుకుందామని బలరాం లాగబోతే, నా వైపు నాకు వదలరా అని తండ్రి కసిరాడు. అలాగే సమంగా మోసుకుంటూ బయటపడ్డారు. ఈసారి డప్పు పగిలిపోతుందా అన్నట్టు మోగింది. పాయసం మొదటి గిన్నె రామ్‌సింగ్ రూప్లాకు స్వయంగా తీసుకెళ్లి ఇచ్చాడు, ఎగతాళి మాత్రం మానలేదు.

సాయంత్రం గోరి నీళ్లు కాచింది. ఇంటి వెనక రాతిబండ మీద మొగుణ్ణి కూర్చోబెట్టి, వీపు మీది రంగు కడిగి, వాతల మీద పసుపు నూనె రాస్తోంది. అవతల తనూ నూనె కోసం కాచుకుని కూర్చున్న బలరాంకు వాళ్ల మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"మండుతున్నదా?" అని గోరి అడిగింది.

"అవ్. గని మునుపటంత లేదు" అన్నాడు రామ్‌సింగ్. "దూరం నుంచి కొట్టినవ్. చెయ్యి అందుత లేదు నీకు."

గోరి నూనె రాస్తూనే ఉంది. ఆయనే మళ్లీ అన్నాడు.

"మల్లొచ్చే హోలీకి ఇంకింత దగ్గరికొచ్చి కొట్టు గోరీ."

"వస్త" అంది ఆమె. "నువ్వు గూడ ఇంకింత దగ్గర నిలబడు."