రెండో పేపరుకు దాలమ్మ ఇచ్చిన నోట్సు

బీఎస్సీ ఆఖరి సంవత్సరం కెమిస్ట్రీ మొదటి పేపరు రాసి బయటికొచ్చిన కమలకి, రాయపూర్ ఏప్రిల్ ఎండ కూడా తెలియలేదు. తనతో చదివే స్నేహితురాలు దాలమ్మ ముఖ్యమైనవని గుర్తుపెట్టి ఇచ్చిన పన్నెండు ప్రశ్నల్లో ఒక్కటే వచ్చింది. వాటిని నమ్ముకుని మిగతా ఇనార్గానిక్ పుస్తకం తెరవనే లేదు. యాభైకి పదో పన్నెండో వస్తే గొప్ప.

అంతకన్నా ఎక్కువగా ఆమెని తొలిచింది ఇంకొకటి. ముందు బెంచీలో కూర్చున్న దాలమ్మ మూడుసార్లు లేచి అదనపు కాగితాలు తీసుకుంది. తానూ ఆ పన్నెండే చదివి ఉంటే అన్ని కాగితాలు ఎలా నింపుతుంది?

"మూడు పేపర్లూ కలిపే కదే చూసేది! మిగతా రెండూ గట్టిగా రాయి, గట్టెక్కుతావు" అంది తల్లి సారమ్మ, ఆస్పత్రి డ్యూటీకి తయారవుతూ.

కమల చెవికి ఆ మాట ఎక్కలేదు. కిందటేడు ప్రాక్టికల్స్‌లో తనకి ఎక్కువ మార్కులొచ్చినప్పుడు దాలమ్మ ముఖం ముడుచుకుపోవడం ఇప్పుడు గుర్తొచ్చింది.

మర్నాడు దాలమ్మే మోవాలోని తన ఇంటి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చింది.

"ఏటే, అలాగున్నావు? పర్చా ఖరాబైందా, పేపరు పోయిందా?"

"నీదో?"

"నాదా... అయిపోయింది, ఛోడ్, వదిలెయ్. ఇదిగో ఆర్గానిక్ నోట్సు. నీకోసం కూర్చుని రాశాను. ఇది పక్కా."

ఆ మాట అంటున్నప్పుడు దాలమ్మ కళ్లు పక్కకి తిప్పుకుంది. కమల అది గమనించింది.

రెండో పేపరుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. కమల ఆ నోట్సు చదవడానికి కాదు, దాలమ్మని పట్టుకోవడానికి తెరిచింది. పక్కన పాఠ్యపుస్తకం పెట్టుకుని ప్రతి చర్యనీ సరిచూసింది. రెండో రోజు సాయంత్రం దొరికింది. ఎసిటాల్డిహైడ్ కనిజారో చర్య జరుపుతుందని రాసి ఉంది. ఆల్ఫా హైడ్రోజన్ ఉన్న ఆల్డిహైడ్లు అలా చెయ్యవని పుస్తకం స్పష్టంగా చెబుతోంది. కమల ఎర్ర సిరాతో గీత కొట్టింది. మూడో రోజుకి అలాంటివి ఏడు తేలాయి. ఒక్కొక్కటీ ఎందుకు తప్పో రుజువు చేయాలని ఆ పాఠాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివింది.

పరీక్ష ముందురోజు పొద్దున్నే మోవా వెళ్లి, నోట్సు దాలమ్మ ఒళ్లో పడేసింది.

"మొదటిసారి ముంచావు, చాల్లేదా? మళ్లీ ఏడు తప్పులు పెట్టి ఇచ్చావా?"

దాలమ్మ లోపలికి వెళ్లి తన సొంత నోట్సు తెచ్చి కమల ముందు తెరిచింది. అవే ఏడు తప్పులు, అవే చోట్ల.

"నన్ను నేను ముంచుకోడానికి బట్టీ పట్టానంటావా?"

"మరి ఆ కాగితాలన్నీ ఏం రాశావు?"

"అడిగిందేటో సమఝ్ కాలేదే. చదివిన పన్నెండూ రాసేశాను, అడక్కపోయినా. ఊరికే కూచుంటే హాల్లోనే ఏడ్చేస్తానని భయమేసింది."

కమల తల ఎత్తలేకపోయింది. క్షమించమనడం చేతకాక, ఎర్ర సిరా పెన్ను తీసి దాలమ్మ నోట్సు దిద్దడం మొదలుపెట్టింది. పొద్దుగూకేదాకా ఒక్కో తప్పూ దాలమ్మకి విడమరిచి చెప్పింది.

మూడో పేపరుకి కూడా కలిసే చదివారు. అయితే కమల ఏ సూత్రం చెప్పినా దాలమ్మ "ఆగు" అని పుస్తకం తీసి సరిచూసుకునేది. ప్రతిసారీ అంతే. కమల ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు.

జూన్‌లో మార్కులొచ్చాయి. కమలకి పదమూడు, ముప్పయ్యేడు, ముప్పయిరెండు. దాలమ్మకి తొమ్మిది, ఇరవయ్యెనిమిది, ఇరవయ్యొకటి. మొత్తం మీద ఇద్దరూ గట్టెక్కారు. ఆ కబురు చెప్పడానికి దాలమ్మే వచ్చింది.

"ఇంకా కోపమేనా?" అడిగింది కమల.

"కొంచెం ఉంది" అని దాలమ్మ లోపలికొచ్చి కూర్చుని, మంచినీళ్లు అడిగింది.