నలభై ఒకటో తలుపు

ఆ ఉదయం ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా బరువుగా వేలాడుతోంది. వాన పడదు, ఎండ రాదు. అతను బస్సు దిగి కొత్త ఎయిర్‌పోర్టు వెనక గేటు దగ్గరికి వచ్చేసరికి కాపలావాడు కార్డు చూడకుండానే చెయ్యూపాడు.

"ఏం తోపుడుబండీ, ఇవాళైనా తెరుచుకుంటుందా?"

"దాన్నే అడుగుతా ఉండు," అన్నాడు నడక ఆపకుండా.

ఆ పేరు పెట్టి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఎయిర్‌పోర్టు ప్రారంభం మూడుసార్లు వాయిదా పడింది. లోపల కుర్చీలకి కప్పిన ప్లాస్టిక్ ఇంకా తీయలేదు. సామాను బెల్టుల మీద దుమ్ము పేరుకుంది. ఎవరి కోసమో తెలియకుండానే బోర్డుల మీద దీపాలు వెలుగుతున్నాయి.

అతని పని తలుపులు. మంటలు లేస్తే జనం బయటపడాల్సిన తలుపులు డెబ్బై రెండు. అలారం మోగగానే వాటి గడియలు వాటంతటవే ఊడాలి. మిగతా తనిఖీవాళ్లు అలారం మోగాక ఒక్క క్షణం ఆగి, తలుపును చేత్తో నెడతారు. ఇతను మాత్రం అలారం మోగకముందే, తువ్వాలు నాలుగు మడతలేసి కప్పుకున్న భుజం ఆనించి, ఒంటి బరువంతా తలుపు మీద వేసి నిలబడతాడు. యాభై ఎనిమిదేళ్ల ఒళ్లు. కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి జారింది. తలుపు తెరుచుకుంటే బయటికి తూలిపడతాడు. చూసేవాళ్లకి అదో వేడుక.

డెబ్బై ఒక్క తలుపులు అతన్ని తూలగొట్టాయి. నలభై ఒకటోది ఆవేళ కూడా కదల్లేదు. బరువు మీద పడితే దాని గడియ నాలుక గాడిలో బిగుసుకుంటుంది. అలారం ఎంత గోల చేసినా వదలదు. బరువు తీసి చేత్తో నెడితే ఏమీ ఎరగనట్టు తెరుచుకుంటుంది. దాన్ని మార్చాలంటే గోడ విప్పాలి, పరీక్షలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. అతను కాగితం మీద 'తెరుచుకోలేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చాడు. అధికారి అంటే సొంత మేనల్లుడే. అక్క పోయాక మూడేళ్లవాణ్ణి చంకనేసుకుని తెచ్చుకున్నాడు. వాడి స్కూలు, వాడి జ్వరాలు, వాడి పరీక్షలు చూసుకుంటూ తన పెళ్లి ఊసే మరిచాడు.

"మావయ్యా, ప్రారంభం పదిరోజుల్లో ఉంది. ఈసారీ వాయిదా పడితే పైవాళ్లు నా మెడకే చుడతారు."

"నా మెడకి చుట్టమను."

"చేత్తో నెడితే తెరుచుకుంటోంది కదా! నువ్వు ఎద్దులా మీద పడితే ఏ తలుపైనా అలిగి కూర్చుంటుంది."

"మంటలప్పుడు జనం వరసలో నిలబడి చేత్తో నెడతార్రా?"

మేనల్లుడు ముఖం తుడుచుకున్నాడు. "ఇంతమందికి లేని అనుమానం నీకొక్కడికే ఎందుకు? ఇలా జరిగిందని ఎక్కడైనా చూశావా? చూశానని చెప్పు చాలు. నా పేరుతో రాసి పైకి పంపిస్తా, ఉద్యోగం పోతే పోయింది."

మాట గొంతుదాకా వచ్చింది.

ముప్ఫై ఏళ్ల కిందట, అక్కా తనూ పనిచేసే బట్టల మిల్లులో మంటలు లేచినప్పుడు, రెండొందలమంది ఒకే తలుపు మీద పడ్డారు. అందరికన్నా ముందు అక్క ఉంది. "ఆగండర్రా, గడియ రావట్లేదు, వెనక్కి జరగండి!" అని ఆమె అరవడం అతను విన్నాడు. గొంతు అక్కదేనని తెలిసింది. తెలిసీ తోశాడు. ఊపిరాడక, భుజం పెట్టి మరీ తోశాడు. అమ్మ పొగకి పోయిందనే వీడికి తెలుసు.

"చెప్పు మావయ్యా."

"ఏముందిరా. ముసలాడి చాదస్తం."

 మేనల్లుడు ఆ 'తెరుచుకోలేదు' కాగితం చింపి, కొత్తది తీసి, 'తెరుచుకుంది' అని రాసి సంతకం పెట్టాడు.

"రేపట్నుంచి ఇంటిపట్టున ఉండు మావయ్యా. ఇక్కడ వేరేవాళ్లని వేస్తారు. ఇన్నాళ్లు చేసింది చాల్లే." గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేదనిపించింది అతనికి.

ఇద్దరూ అక్కడే నేలమీద కూర్చుని, అతను తెచ్చిన డబ్బాలోని అన్నం పంచుకుని తిన్నారు. మేనల్లుడు ఆ తలుపుకే వీపు ఆనించి కూర్చున్నాడు. చిన్నప్పటిలాగే గుడ్డు చివరికని పక్కన పెట్టుకున్నాడు. అతను తన గుడ్డు కూడా వాడి వైపు జరిపాడు. వాడు వద్దనలేదు. అతను రెండుసార్లు నోరు తెరిచాడు. రెండుసార్లూ ముద్దే పెట్టుకున్నాడు.

చేతులు కడుక్కుని, తాళాలూ కార్డూ మేనల్లుడి ముందు పెట్టి, డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు.

తలుపు పిడికి అతని తువ్వాలు వేలాడుతూ ఉండిపోయింది, నాలుగు మడతల మీద, భుజం ఆనే చోట తలుపు బూడిదరంగు అంటుకుని.