ఏమీ ఎక్కించని కంప్యూటర్

అతని స్నానానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పన్నెండు నిమిషాల్లో చొక్కా ఇస్త్రీ చేసి, టిఫిన్ డబ్బా కట్టి, బూట్లు తుడిచిపెట్టడం పదేళ్లుగా ఆమె పని. ఈవేళ మాత్రం నీళ్ల చప్పుడు మొదలవగానే పెన్‌డ్రైవ్ తీసుకుని భోజనాల బల్ల దగ్గరికి వచ్చింది. అతని లాప్‌టాప్ తెరిచే ఉంది. "నా దాన్ని ముట్టుకోకు, ఏదో ఒకటి పాడుచేస్తావ్" అని పెళ్లైన కొత్తలో అన్నాడు. ప్రోగ్రాములు రాసి బతికే మనిషితో అన్నాడు. అప్పుడు తను నవ్వేసింది కూడా.

కానీ ఆసుపత్రి కంప్యూటర్ లాగే, తను ప్రోగ్రాములు రాసే పైథాన్, దాని సరంజామా ఏమీ ఎక్కించని కంప్యూటర్ ఇంట్లో అదొక్కటే. ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో గడువు దగ్గరపడ్డ రక్తం సంచులను చూపించే ప్రోగ్రాం ఆమె రాసింది. పైథాన్ లేనిచోట కూడా నడిచేలా కావలసినవన్నీ ఒకే ఫైలుగా మూటకట్టింది. తన దగ్గర చక్కగా నడిచింది. నిన్న బ్లడ్ బ్యాంకు కౌంటర్లో దాన్ని నొక్కగానే నల్లటి విండో ఒకటి మెరిసి మాయమైంది.

"మీ ఇంట్లో పనిచేసిందా మేడం? అయితే కౌంటర్‌నే మీ ఇంటికి మార్చేద్దాం" అన్నాడు మేనేజరు. అందరూ నవ్వారు. ఈవేళ పదింటికి మళ్లీ ఆగితే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

పెన్‌డ్రైవ్ పెట్టింది. తప్పేమిటో చెప్పే సందేశం మాయం కాకుండా, ముందే తెరిచిపెట్టిన కమాండ్ విండోలోంచి ప్రోగ్రాం నడిపింది. ఈసారి నిలిచింది: మాడ్యూల్ కనబడలేదు. ఏ మాడ్యూలో చెప్పలేదు, తను వాడుకున్న రెడీమేడ్ లైబ్రరీల్లో ఏది తెరుస్తుంటే ఆగిందో మాత్రం చెప్పింది. చాలు. ఆ లైబ్రరీకి అవసరమైన చిన్న ఫైలు ఒకటి ఎప్పుడో వేరే సాఫ్ట్‌వేర్ వెంట వచ్చి తన కంప్యూటర్లో కూర్చుంది. అందుకే అక్కడ లోటు తెలియలేదు. మూటలోకి మాత్రం ఎక్కలేదు. బల్ల మీద పక్కనే ఉన్న తన లాప్‌టాప్‌లో ఆ ఫైలును కూడా చేర్చి మళ్లీ మూటకట్టమంది. నాలుగు నిమిషాలు పడుతుంది, ఆ తర్వాత మళ్లీ అతని దాంట్లో నడిపి చూడాలి.

"వాడి దాని మీద చెయ్యి వేశావేంటమ్మా?" అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది. "చూశాడంటే ఇల్లు పీకి పందిరేస్తాడు. తీసెయ్, తీసెయ్!"

"అయిపోవచ్చింది అత్తయ్యా."

నీళ్ల చప్పుడు ఆగింది. మూట ఇంకా సగంలోనే ఉంది. తలుపు గడియ తీసిన చప్పుడు, తడి అడుగులు.

"ఏం చేస్తున్నావక్కడ?"

'ఏం లేదండీ' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పదేళ్లుగా అదే వస్తోంది. పెన్‌డ్రైవ్ పీకేస్తే అంతా సర్దుకుంటుంది. ఆమె పీకలేదు.

"కూర్చోండి" అంది, పక్క కుర్చీ జరుపుతూ. "నా పని ఇంకా అవలేదు."