ఐదున్నర గంటలు వెనక్కి

కోవిల్‌పట్టిలో బొమ్మక్క ఇంటి ముందు పొద్దున్నే నలుగురైదుగురు ఆగుతారు. పూలమ్మే ఆమె మల్లెమొగ్గలు తెచ్చి బొమ్మక్క అరచేతిలో పెడుతుంది. "నిన్న సాయంత్రం నాలుగున్నరకు కోసినవి ఇవి. ఈ పొద్దుటివని చెప్పి అమ్మొద్దు," అంటుంది బొమ్మక్క. వేరుశనగ ఉండలు చేసేవాళ్ళు బెల్లం ముక్క తెచ్చి, అది ఏ గంటకు అచ్చులో పోసిందో తెలుసుకుని పోతారు. ఏది చేతికి తగిలినా అది పుట్టిన గంట ఆమెకు తెలిసిపోతుంది. కొందరికి ఈత వచ్చినట్టు ఆమెకు అది వచ్చు.

ఆమె మనవరాలు ఆర్తి రోజూ రైల్లో విరుదునగర్ పోయి ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. జిల్లా హాకీ ఎంపికలకు పిల్లలు పేర్లు నమోదు చేసుకునే యాప్ ఆమె రాసిందే.

ఒక ఆదివారం పొద్దున, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే జెయంతి తన పదహారేళ్ల కూతురు ఉషాను వెంటబెట్టుకుని వచ్చింది. ఉషా కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఆర్తీ, నా బిడ్డ పేరు కొట్టేసినారు," అంటూ జెయంతి ఎంపికల ఆఫీసు ఇచ్చిన పట్టిక చాపింది. "2009 జనవరి ఒకటిన, ఆ తర్వాత పుట్టినోళ్ళే ఆడాలంట. దీనిది డిసెంబరు ముప్పైఒకటి అని వచ్చినాది. సర్టిఫికెట్ చూపిస్తే, మీరే తప్పు కొట్టింటారు అంటారు. బుధవారమే ఆట. ఇంకేం చేసేది? రేపటినుంచి నాతో పనికి రమ్మన్నాను."

"నేను ఒకటో తేదీనే కొట్టినానక్కా," అంది ఉషా.

ఆర్తి లాప్‌టాప్ తెరిచింది. డేటాబేస్‌లోనూ ముప్పైఒకటే ఉంది. తను రాసిన కోడ్ మూడుసార్లు చదివింది. ఎక్కడా తప్పు కనిపించలేదు.

బొమ్మక్క పట్టిక తీసుకుని ఉషా పేరున్న వరుస మీద వేలు పెట్టింది. "ఇది నిజం తేదీ కాదే. అర్ధరాత్రి పన్నెండును ఎవరో వెనక్కి లాగినారు. ఐదున్నర గంటలు."

"ఐదున్నరా అవ్వా?"

ఆర్తికి అప్పుడు తెలిసింది. పిల్లలు ఇచ్చింది ఉత్త తేదీ. ఆమె కోడ్ దానికి అర్ధరాత్రి గంటను తగిలించింది. సర్వర్ గంటలన్నిటినీ ప్రపంచమంతటి ఉమ్మడి కాలంలోకి మారుస్తుంది. మన గడియారం దానికి ఐదున్నర గంటలు ముందు. అలా జనవరి ఒకటి అర్ధరాత్రి, డిసెంబరు ముప్పైఒకటి సాయంత్రం ఆరున్నర అయింది. డేటాబేస్ గంటను వదిలేసి తేదీని ఉంచుకుంది. ఇంకా చాలామంది పుట్టినరోజులు ఒకరోజు వెనక్కి జరిగాయి. అంచున ఉన్నది ఉషా ఒక్కతే కాబట్టి ఆమె ఒక్కతే పడిపోయింది.

"పుట్టినరోజుకు గంట ఎందుకే తగిలించినావు?" అంది బొమ్మక్క.

"తప్పు నాదే అవ్వా."

పుట్టినరోజు ఇక ఉత్త తేదీగానే పోయి ఉత్త తేదీగానే నిలిచేలా ఆర్తి కోడ్ మార్చింది. ఆట మొదలయ్యే సమయాలను మాత్రం ఉమ్మడి కాలంలోనే ఉంచింది. కానీ పాత వరుసల సంగతి? కొన్నిటిని ఆఫీసువాళ్ళు నేరుగా డేటాబేస్‌లో ఎక్కించారు, అవి సరైనవే. అన్నిటికీ ఒకరోజు కలిపితే అవి చెడిపోతాయి. ఏవి ఏవో డేటాబేస్‌కే తెలియదు.

బొమ్మక్క కళ్ళద్దాలు కూడా అడగలేదు. రెండు వందల పన్నెండు వరుసల మీద వేలు నడిపింది. "లాగింది. లాగింది. ఇది సరి. లాగింది." పక్కనే కూర్చుని ఉషా గుర్తులు పెట్టింది. మధ్యాహ్నం దాకా ఆర్తి ఒక్కొక్కటీ నమోదప్పుడు పిల్లలు ఇచ్చిన సర్టిఫికెట్ ఫోటోతో సరిచూసింది. ఒక్కటీ తప్పలేదు. ఆమె అవ్వ చేతిని పట్టుకుని కాసేపు వదల్లేదు.

సోమవారం ఆర్తి ఎంపికల ఆఫీసుకు పోయి, పిల్ల తప్పు కాదు, నాదేనని రాసిచ్చింది. ఉద్యోగం పోతుందేమోనని భయపడుతూనే కింద సంతకం పెట్టింది. ఆఫీసరు పాత పట్టికనూ, ఆమె సరిదిద్ది తెచ్చిన పట్టికనూ పక్కపక్కన పెట్టి చూసి, ఉషా పేరు తిరిగి చేర్చాడు.

బుధవారం ఎంపికల మైదానంలో ఉషా రెండు గోల్స్ వేసింది. సాయంత్రం జిల్లా జట్టు పేర్లు చదివినప్పుడు ఏడో పేరు ఆమెది. జెయంతి కూతురి హాకీ కర్రను తీసుకుని భుజాన పెట్టుకుంది. బస్‌స్టాండు దాకా ఉషా అడుగుతూనే ఉన్నా ఇవ్వకుండా, తనే మోసుకుంటూ నడిచింది.