జానెడు జరిగిన రాయి

సాంచ మీద తెగిన పోగును హన్మండ్లు కళ్ళు మూసుకుని ముడేస్తాడు. సిరిసిల్ల సాంచల, అదే మరమగ్గాల, మోతలో ముప్ఫై ఏళ్ళు అరిగిన వేళ్ళవి. తమ్ముడు సాయిలుతో తెగిన మాట కొస మాత్రం ఆ వేళ్ళకు దొరకలేదు.

పొద్దటి నుంచి ఆయనకు కాలు నిలవడం లేదు. నాలుగు సాంచల మధ్య తిరుగుతూ, చెమటకంటిన పీచు తుడుచుకుంటూ, రొమ్ము రుద్దుకుంటూ, మాటిమాటికీ గుమ్మం బయట మబ్బు చూస్తున్నాడు. వారం రోజులు పట్టి కురిసిన ముసురు ఇవాళే తెరిపిచ్చింది. షిఫ్టు దిగి ఇంటికొస్తే భార్య మల్లవ్వ కంచం పెట్టింది.

"సాంచ బందయినా నీ కాళ్ళు బంద్ గావాయె. జర తిని పో."

"అచ్చి తింట."

నూలు కండె ఒకటి జేబులో వేసుకుని ఆటో ఎక్కాడు.

కోనరావుపేట గుట్టవాలున ఉన్న మెట్టభూమిలో మీది చెలక ఆయనది, కిందిది సాయిలుది. మధ్యనున్న హద్దురాయే హద్దు మీరి కిందికి జరిగింది. అన్నే జరిపాడని సాయిలు పంచాయితీ పెట్టి, మాట మానేశాడు. నానిన మట్టి వాలు వెంట పాకుతూ రాయినీ మోసుకుపోతుందని హన్మండ్లు చెబితే, రాయికి కాళ్ళొచ్చాయా అని నలుగురూ నవ్వారు. అందుకే మూడు వానకాలాల కింద, చెలక రెండు కొసల్లో పాతుకున్న పెద్ద రాతి గుండ్లకు నూలు బిగించి కట్టి, సరిగ్గా దాని కింద పది సున్నపురాళ్ళు వరుసగా పేర్చాడు. ఏటా నూలు మార్చాడు గానీ రాళ్ళను ముట్టలేదు.

ఇవాళ నూలు తిన్నగానే ఉంది. రాళ్ళ వరుస మాత్రం కడుపులా కిందికి వంగింది.

"సాయిలూ, ఓసారి రారా." సాంచల మోతకు అలవాటైన గొంతు కింది చెలక దాకా వినబడింది. కండె కొస విప్పుతూ ఆయన గుండుకానుకుని కూర్చున్నాడు.

సాయిలు వచ్చాడు. అన్న ముఖం చూడకుండా నూలు నుంచి రాయికి చెయ్యి చాపాడు. జానెడు. పక్కది, జానెడు మీద రెండు వేళ్ళు. పదింటినీ కొలిచాడు.

"మూడేండ్ల సంది నేను గీడనే ఉన్న. గివాటిని ఎవ్వడు ముట్టలే." చివరి రాయి మీద చెయ్యి ఉంచి, "నువ్వు జరపలేదే అన్నా," అన్నాడు.

చేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"మాట్లాడవా? నేను మాట బందు వెట్టినందుకు బదులు తీర్చుకుంటున్నవా?"

అప్పుడు సాయిలు తిరిగి అన్న వైపు చూశాడు. హన్మండ్లు తల గుండుకు వాలి ఉంది. ఎన్నడూ నిలవని కాళ్ళు చాపినవి చాపినట్టే ఉన్నాయి.

ఒళ్ళోంచి జారిన కండె నూలు విడుస్తూ వాలు వెంట దొర్లి, హద్దు దాటి సాయిలు చెలకలో ఆగింది. దాని కొస మాత్రం అన్న వేళ్ళ మధ్యే ఉంది.