ఫోన్ పెట్టేశాక

ఆపదలో ఉన్నవాళ్ళు ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడి, అంబులెన్స్ పంపే ఉద్యోగం మా కోడలిది. తనకి సన్మానం చేస్తున్నారని తెలిసిన రోజే నేను వీధంతా చాటింపు వేశాను. నాకు నోరు ఆగదు, ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. కోడలు మాత్రం ముఖం వేలాడేసుకుని కూర్చుంది.

"ఆయన బతికాడో లేదో తెలీదత్తయ్యా. తెలీకుండా ఎలా తీసుకోను?"

ఎవరో ఒకబ్బాయి ఫోన్ చేశాడట. వాళ్ళ నాన్న ఇంట్లో ఉన్నట్టుండి కుప్పకూలిపోయాడు. ఛాతీ మీద ఎలా నొక్కాలో ఫోన్లోనే చెబుతూ, ఆ అబ్బాయిచేత నొక్కించింది మా కోడలు. బండి వాళ్ళింటికి చేరగానే ఫోన్ కట్టయింది. ఆ తర్వాత ఏమైందో వీళ్ళకు ఎవరూ చెప్పరట. అడుగుదామన్నా, అప్పటికే ఇంకో ఫోన్ మోగుతూ ఉంటుంది. సగం సినిమా చూపించి లేపేసినట్టు, ఇదేం ఉద్యోగమో నాకర్థం కాదు.

"ఇచ్చేవాళ్ళకి లేని బాధ నీకెందుకు? నోరు మూసుకుని తీసుకో," అని కసిరి వెంటబెట్టుకు వెళ్ళాను.

హాల్లో ముందు వరసలోనే కూర్చున్నాను. స్టేజీ మీద పెద్దాఫీసరు కాగితం చూసి, "ఒక తండ్రి ప్రాణం కాపాడిన..." అని మొదలుపెట్టాడో లేదో, కోడలు మైకు దగ్గరికి జరిగింది.

"కాపాడానో లేదో నాకు తెలీదండీ. ఇక్కడ ఎవరికైనా తెలిస్తే చెప్పండి."

ఆఫీసరు పక్కవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు చేతిలో కాగితాలు తిరగేశారు. అప్పుడు అంబులెన్స్ వాళ్ళ వరసలోంచి ఒక డ్రైవరు లేచాడు.

"ఆ ఇంటికి వెళ్ళింది నేనేనమ్మా. ఆయన దక్కలేదు. మేం వెళ్ళేసరికే అయిపోయింది."

డ్రైవరు కూర్చోలేదు.

"ఆ ఫోన్ కట్ చేసింది కూడా నేనే. ఆ అబ్బాయి వద్దన్నాడు. 'లైన్లో అక్క ఉంది, ఇంతసేపూ నాతోనే ఉంది, ఆవిడకి చెప్పాలి' అన్నాడు. నేనే వినిపించుకోలేదు. ఇప్పుడు చెబుతున్నానమ్మా."

కోడలు "సరే అన్నా" అంది. ఆ తర్వాత రెండు చేతుల్తో ముఖం కప్పుకుని, అంతమంది ముందూ, సొంతవాళ్ళు పోయినట్టే ఏడ్చింది. ఆఫీసరేమో జ్ఞాపిక పట్టుకుని, ఇవ్వాలో మానాలో తెలియక బొమ్మలా నిలబడిపోయాడు. ఇక లాభం లేదని నేనే స్టేజీ ఎక్కాను.

"ఇలా ఇవ్వండి బాబూ. పిల్ల చేతులు ఖాళీగా లేవు."